ఎర్రలు అమ్మని నెల

ఎర్రల అవ్వ పోయిందని నాకు రైల్వే గార్డు సాయబు చెప్పినాడు. బుధవారం పొద్దున నేను పాఠాలు చెప్పే గిద్దలూరు బడికి పోతుంటే స్టేషను దారిలో సైకిలు ఆపి, ఒక కాలు నేల మీద ఆనించి, "అయివారూ, మన అవ్వ నిద్రలోనే పోయిందంట" అన్నాడు. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకొని కాసేపు నిలబడినాడు. నేను హెడ్మాస్టరుకు చెప్పి సెలవు తీసుకొని, ఆయనతో పాటే రైలెక్కినాను.

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆమె ఎవరో తెలియదు. కంభం దారిలో, కొండల మధ్య మాకొక పాత చెరువు ఉంది. దాని తూము పక్కన, రాతిగోడ నీడన, తడి గోనెపట్ట కప్పిన కుండ ముందర పెట్టుకొని ఆమె కూర్చునేది. కుండలో తడిమట్టి, మట్టిలో ఎర్రలు. గాలానికి గుచ్చే వానపాములను మా వైపు ఎర్రలంటారు. ఆదివారం వస్తే తాలూకాఫీసు గుమాస్తాలు, మందుల షాపాయన, గార్డు సాయబు, నా వంటి బడిపంతుళ్లు గాలపు కర్రలు పట్టుకొని పాసింజరు బండిలో దిగేవాళ్లం. మాలో ఒక్కరికి కూడా చేపలు పట్టి బతకాల్సిన పని లేదు. అదొక సరదా, అంతే. వలలు వేసి బతికేవాళ్లు వేరే ఉన్నారు. అవ్వ ఆ వలల వాళ్ల ఇంటి మనిషి. భర్త ఎప్పుడో పోయినాడు. తమ్ముడు ఇప్పటికీ వల వేస్తాడు.

ఆమె ఎర్రలను ఆముదపాకులో పొట్లం కట్టి ఇచ్చేది. ఇచ్చేముందు మనిషి ముఖం చూసేది. తొందర మనిషికి లావు ఎర్రలు ఏరి ఇచ్చేది. రెండు చేపలు పడగానే సంతోషంగా ఇంటికి పోతాడని ఆమె లెక్క. మందుల షాపాయన పట్టింది జానెడైతే మూరెడని చెప్పేవాడు. ఆయన చెప్తున్నంతసేపు అవ్వ తల ఊపుతూ వినేది. ఆయన పోయినాక, పాపం ఇంట్లో ఆయన మాట ఎవరూ వినరు నాయనా అని మెల్లగా అనేది.

నేను చెరువుకు పోవడం మొదలుపెట్టిన ఏడు నాకింకా గుర్తే. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, రాజధాని మా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజులు. ఆ వేసవిలో మా మొదటి బిడ్డ, ఐదు నెలల పాప, జ్వరంతో పోయింది. నా భార్య కనిగిరిలో పుట్టింటికి పోయి తిరిగి రాలేదు. రమ్మని రాయడానికి నాకు చేతులు రాలేదు. ఆదివారం పూట ఆ ఇంట్లో ఉండలేక, ఎవరిదో కర్ర అడుక్కొని చెరువుకు పోయినాను. గాలపు తాడుకు కట్టి నీళ్ల మీద తేలే బెండు వైపు చూస్తూ కూర్చుంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. అందుకని ప్రతి ఆదివారం పోయినాను. నా సంగతి అవ్వకు ఎవరు చెప్పినారో తెలియదు. ఆమె ఏనాడూ అడగలేదు. నాకు మాత్రం ఎండ పడని చోటు చూపించేది.

తొలి వానలు పడగానే ఆమె కుండ బోర్లించింది. నాలుగు వారాలు ఎర్రలు అమ్మదట. చేపలు గుడ్లతో ఉంటాయి, వాగు చెరువులో పడే మూతికి ఎక్కుతాయి, ఈ నెల వదిలేయండి అని అందరికీ చెప్పింది. కొందరు విసుక్కున్నారు. కొందరు గొణుక్కుంటూ పోయినారు. నేను సరేనని తల ఊపినాను. మరుసటి వారం బడి వెనక, పిల్లలు చేతులు కడిగే చోట తడిమట్టి తవ్వి, నా ఎర్రలు నేనే తెచ్చుకున్నాను.

ఆ రోజు తుంగ మొలిచిన లోతులేని చోట నీళ్ల మీద ఎర్రగా ఏదో కదులుతుంటే అందులోకి గాలం వేసినాను. వేసిన మరుక్షణమే కర్ర వంగింది. మోచేతి పొడుగు కొరమీను. అంతకు ముందు నాకు అంత చేప పడలేదు. చాలా నెలల తర్వాత నాకు సంతోషమేసింది. దాన్ని తుంగతాడుకు గుచ్చి, చూపించాలని అవ్వ దగ్గరికే పోయినాను. నా తెలివి అట్లుండింది.

ఆమె తిట్టలేదు. ఎక్కడ పట్టినావని అడిగింది. చెప్పినాను. లేచి చీర దోపుకొని నన్ను తీసుకొని ఆ చోటికే నడిచింది. గట్టు మీద కూర్చోమంది, తనూ కూర్చుంది.

నీళ్ల మీద ఆ ఎరుపు ఇంకా ఉంది. దగ్గరగా చూస్తే అది వడ్లగింజంత పిల్లల గుంపు. చిటికెడు కుంకుమ నీళ్లలో పడి కరగకుండా ఉన్నట్టుంది. కొరమీను గుడ్లు పెట్టినాక తల్లీతండ్రీ పిల్లల కిందనే ఉండి కాచుకుంటాయని, దగ్గరికి ఏది వచ్చినా మీదపడి కరుస్తాయని అవ్వ చెప్పింది. నా గాలాన్ని అది ఆకలితో అందుకోలేదు. రెండోదాన్ని ముందటి రోజే ఎవరో పట్టుకుపోయినారట.

పిల్లలు ఉన్నచోటనే తిరుగుతున్నాయి. కాసేపటికి పరిగె చేపలు వచ్చినాయి. నీళ్లు చిటపటమన్నాయి. గుంపు చెదిరి మళ్లీ కూడింది. కూడినప్పుడు ముందుకన్నా చిన్నదిగా ఉంది. ఒక జెల్ల చేప కింద నుంచి వచ్చింది. మళ్లీ చెదిరినాయి. మేమిద్దరం చూస్తూనే ఉన్నాం. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి అక్కడ వట్టి నీళ్లు మిగిలినాయి.

నేను ఏడ్చినాను. పాప పోయినప్పుడు ఊళ్లో వాళ్ల ముందర ఏడవలేదు. అప్పుడు ఆగిపోయిందంతా అక్కడ వచ్చింది. అవ్వ నా వీపు మీద చేయి వేసి, ఏడుపు దానంతట అది ఆగేదాకా తీయలేదు.

"నీకు తెల్వక చేసినావు అయివారా. తెల్సినాక చేస్తే అది తప్పు" అంది.

చేపను నీళ్లలో పారేయబోయినాను. ఆమె పారేయనీయలేదు. చంపి తినకపోతే అది ఇంకొక తప్పంది. తన ఇంటికి తీసుకుపోయి, చింతపండు పులుసు పెట్టి, కొర్రన్నంలో పోసి నా ముందర పెట్టింది. గొంతు దిగదేమో అనుకున్నాను. దిగింది. నెలల తరబడి హోటలు మెతుకులు తిని లేచిపోతున్న నేను ఆ రోజు రెండుసార్లు పెట్టించుకున్నాను. చేయి కడుక్కుంటుంటే, కనిగిరికి జాబు రాయమని ఒక్క మాట అంది. ఆ రాత్రే రాసినాను. పదిరోజులకు నా భార్య వచ్చింది.

తర్వాత వారం అవ్వను అడిగినాను, మీరు చూపించింది అందరికీ చూపించి, గట్టిగా చెప్పవచ్చు కదా అని. ఆమె నవ్వింది.

"వాండ్లు మంచోళ్లే నాయనా. వారమంతా ఎవరో ఒకరి మాట వింటానే ఉంటారు. ఆదివారం గూడా ఇంకొకరి మాట వినమంటే ఎట్ల వింటారు? వాండ్లకు గావాల్సింది చేప గాదు. బెండు మునిగేటప్పుడు గుండె ఒక్కసారి ఆగుతాది చూడు, అది. అది వాండ్లకు ఇడిసిపెట్టి, మిగిలింది మనం అడగాల."

అట్లనే అడిగింది. ఒక్కొక్కరిని ఒక్కో తీరుగా. జానెడుకు తక్కువ చేపను మళ్లీ నీళ్లలో వదలాలంది. ఎవరి జానెడని గుమాస్తాలు వాదన పెట్టుకున్నారు. అవ్వది చిన్న చేయి, పైగా చిటికెనవేలు వంకర, ఆమె జానెడే ఖాయం చేద్దామని వాళ్ల ఎత్తు. ఆమె గార్డు సాయబును పిలిచి చేయి చాపమంది. ఆయనది తాటిమట్టంత చేయి. అప్పటి నుంచి చెరువులో గార్డు జానెడే కొలత. ఆయన ఆ గౌరవానికి ఎంత పొంగిపోయినాడంటే, తను పట్టిన మంచి చేపలు కూడా చాలా మటుకు చాలలేదని వదిలేసేవాడు. మూరెడని చెప్పుకునే మందుల షాపాయనకు చేపను వదిలేసినాక ఎంతైనా చెప్పుకోవచ్చని ఆమె చెవిలో చెప్పింది. అందరికన్నా ఎక్కువ వదిలింది ఆయనే.

ఎర్రలు అమ్మని నెలలో మేమంతా ఆదివారం ఏం చేయాలో కూడా ఆమే చూసింది. ఎదురెక్కే చేపల కోసం కొందరు వాగు మూతిలో రాత్రిపూట బుట్టలు పన్నిపోయేవాళ్లు. పగలు మీరు వచ్చి ఆడ కూర్చోండి, పెద్దమనుషులు ఉంటే ఎవరూ బుట్టలు తీసుకోను రారంది. మేము చద్దిమూటలు కట్టుకొని కాపలాకు పోయినాం. గార్డు సాయబు విజిలు తెచ్చినాడు. ఖాళీ బుట్ట కనిపించినా ఊదేవాడు. నిజం చెప్పాలంటే చేపలు పట్టిన ఆదివారాల కన్నా అవే నాకు బాగా గుర్తున్నాయి.

అంతా సాఫీగా జరగలేదు. రెండో ఏడు అదే నెలలో ఒక కంట్రాక్టరు జీపులో పెద్దవాళ్లను విందుకు తీసుకొచ్చి ఎర్రలు ఇమ్మన్నాడు. అవ్వ లేవన్నది. ఎంతడిగితే అంత ఇస్తానన్నాడు. అప్పుడూ లేవన్నది. చెరువు నీ అబ్బ సొత్తా, సర్కారుది అన్నాడు.

"చెరువు సర్కారుదే నాయనా. ఎర్రలు నావి" అంది.

జీపులో ఎవరో నవ్వినారు. అదే ఆమెకు చేటయింది. కంట్రాక్టరు మనిషి కుండను కాలితో తన్ని తూము కాలువలో పడేసినాడు. మేము ఆరుగురం అక్కడే ఉన్నాం. అందరం జీతగాళ్లం. ఒక్కరమూ నోరు తెరవలేదు. అవ్వ మా వైపు చూడకుండా పెంకులు ఏరుకుంది. ఆమె చూసి ఉంటే నాకు ఇంత సిగ్గుగా ఉండేది కాదేమో.

తర్వాతి వారం కట్ట మీద ఎవరూ ఏమీ అమ్మకూడదని తలారి వచ్చి చెప్పి, ఆమెను లేపినాడు. ఆమె పోయి రైలు గేటు దగ్గర, ఎండలో కూర్చుంది. అది చెరువుకు మైలు దూరం. ఎర్రలు అమ్మే నెలలు మొదలైనాక ఆమె దగ్గరికి గార్డు సాయబు ముందు నడిచినాడు. మేము వెనక నడిచినాం. కట్ట కింద తవ్వితే ఎర్రలు దొరుకుతాయని అందరికీ తెలుసు. ఒక్కరూ తవ్వలేదు. మైలు పోయి ఆముదపాకు పొట్లం తీసుకొని, మైలు వెనక్కి వచ్చి గాలం వేసేవాళ్లం.

ఆమెను తిరిగి కట్ట మీద కూర్చోనీయమని సర్కారుకు అర్జీ నేను రాసినాను. ఎందుకు రాయాల్సి వచ్చిందో, మేము ఆ రోజు నోరు మూసుకున్న సంగతితో సహా రాసినాను. తాలూకాఫీసు గుమాస్తాలు సంతకం పెట్టేముందు ఉద్యోగాలకు ఎసరొస్తుందేమో అన్నారు. అయినా పెట్టినారు. మందుల షాపాయన రెండుచోట్ల పెట్టినాడు. చాలా నెలలు ఏ జవాబూ రాలేదు. చివరికి చేపల శాఖ నుంచి కొత్తగా వచ్చిన ఒక చిన్న వయసు ఆఫీసరు గేటు దగ్గర ఆమె పక్కన రాయి మీద కూర్చొని, ఒక పూటంతా ఆమె చెప్పింది రాసుకున్నాడు. వానల నెలలో చేపలు పట్టరాదని కట్ట మీద బోర్డు వచ్చింది. అవ్వ తన చోటికి తిరిగి వచ్చింది. బోర్డులో ఏముందో నన్ను చదివి చెప్పమంది. చెప్పినాను. మంచిదే నాయనా, కానీ బోర్డు చదివేటోడు చేపలు పట్టడు, చేపలు పట్టేటోడు బోర్డు చదవడు అంది. ఆ తర్వాత కూడా ఒక్కొక్కరి ముఖం చూసి చెప్పడం మానలేదు.

ఆమెకు నేను కుండను గురించి క్షమాపణ చెప్పుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి మొదలుపెట్టినాను కూడా. ఆమె నన్ను మధ్యలోనే ఆపి, మైలు నడిచినారు కదా అంది. ఇంకా నేను చెప్పబోతే, నీ బెండు మునిగింది చూసుకో అంది.

బుధవారం మేము చేరేసరికి ఇంటి ముందర వలలు ఎండేసే పందిరి కింద పడుకోబెట్టినారు. తమ్ముడు తలాపున కూర్చున్నాడు. నా భార్య, నా రెండో బిడ్డ తర్వాతి బండిలో వచ్చినారు. గుమాస్తాలు ఒకరి వెనక ఒకరు వచ్చినారు. ఆఫీసులో ఏం చెప్పి వచ్చినారో నేను అడగలేదు. పాడెకు వలలు వేసే ఆమె ఇంటి వాళ్లు ఇద్దరు, గార్డు సాయబు, నేను భుజం పట్టినాం. గార్డు పొడుగు మనిషి గనుక ఒక మూల ఎత్తుగా పోతుంటే, ఆయన దారి పొడుగునా మోకాళ్లు వంచుకొని నడిచినాడు.

మట్టి వేసి కాళ్లు కడుక్కోవడానికి చెరువు వారకు వచ్చినాం. నల్లమల మీద పొద్దుననే వాన పడినట్టుంది. వాగు కదిలింది. ఎర్రమట్టి నీళ్లు చెరువులోకి ఒక పాయగా వస్తున్నాయి. పచ్చటి పాత నీళ్లు పక్కకు జరగకుండా అట్లనే నిలబడి ఉన్నాయి. రెండింటికీ మధ్య గీత గీసినట్టుంది. ఆ గీత చాలాసేపు కదలలేదు. తర్వాత ఒకచోట సన్నగా వంగింది. ఎర్రనీళ్లు పచ్చనీళ్ల కిందికి దూరి, కొంచెం దూరంలో మసకగా పైకి తేలినాయి. బండికి టైమయిందని ఎవరో అన్నారు. మేమూ వలల వాళ్లూ కలిసి ఇరవై మందిమి తడికాళ్లతో అక్కడే నిలబడి, ఆ నీళ్లు కలవడం చూస్తున్నాం.