మజ్జిగ చెంబు

భావనపాడులో చేపలెండబెట్టే కూర్మమ్మ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, చింతపండు పెట్టి ఒక ఇత్తడి చెంబు తోముతుంది. తోముతూ మధ్యమధ్యలో మోచేతులు గోక్కుంటుంది. దురద ఎప్పుడో పోయింది, అలవాటే పోలేదు. ఆ చెంబు ఆమెది కాదు, ఎదురింటి భారతిది. కిందటేడు ఎండాకాలంలో కూర్మమ్మ ఒళ్లంతా పొక్కులు లేస్తే, అమ్మోరు పోసిందనుకుంది వాడంతా. గుమ్మానికి వేపమండలు కట్టారు. భారతి ఈ చెంబుతోనే మజ్జిగ తెచ్చి, "తాగు తల్లీ" అని కాళ్లకు మొక్కింది. తలకి నీళ్లు పోశాక కూడా పొక్కులు తగ్గలేదు. పెద్దాసుపత్రిలో రక్తం చూసి హెచ్ఐవీ అన్నారు. ఆ మాట కూర్మమ్మ కంటే ముందే వాడకు చేరింది. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటోంది. పొక్కులు మానాయి, నల్లమచ్చలు మాత్రం మిగిలాయి.

నిన్న భారతి కుళాయికి పోతుంటే, కూర్మమ్మ జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది.

"ఒసే భారతీ, సూడు, ఒళ్లంతా నున్నగయిపోనాది. వచ్చి నీ సెంబు పట్టుకెళ్లు."

భారతి ఆగింది గానీ రోడ్డు దాటలేదు.

"ఉంచేసుకో అత్తా. మాకింకోటి ఉన్నాది."

ఈ పొద్దున కూర్మమ్మ ఆ చెంబును మళ్లీ తోమింది. ఎదురింటికి కనబడేలా అరుగు చివర బోర్లించింది.