బ్రిటిష్ నౌకల మీద నేను గెలిచిన వాదన

ఈ చలికాలం అమెరికాలో మా ట్రాయ్ ఊళ్లో మంచు విపరీతంగా పడుతోంది కాబట్టి, రిటైరైన మా బృందమంతా పొద్దున్నే, ఇంకా షాపులు తెరవకముందే, మాల్ లోపల నడక సాగిస్తున్నాం. మొన్నొక రోజు అలా నాలుగు చుట్లు తిరిగి, కాఫీ కప్పులు పట్టుకుని బెంచీల మీద కూలబడ్డాక, మాలో ఒకాయన ఫోన్‌లో వీడియో ఒకటి చూపించి, బ్రిటన్ వాళ్లు మరి రెండు దేశాలతో కలిసి కొత్త యుద్ధవిమానం తయారు చేస్తున్నారట, ఉన్న యుద్ధనౌకలకే నావికులు చాలడం లేదట, ఇంకా ఎందుకండీ వాళ్లకీ ఆర్భాటం అని మొదలుపెట్టాడు. పక్కనున్నాయన కాదన్నాడు. ఇద్దరూ కాసేపు గట్టిగానే వాదులాడుకుని, తీర్పు నన్ను చెప్పమన్నారు. మోకాలు పట్టేసిందని వంక పెట్టి లేచి వచ్చేశాను. ఎక్కడ నలుగురు చేరితే అక్కడ నోరు చేసుకునే మనిషిని, నేనలా జారుకోవడం వాళ్లకి వింతగానే ఉండి ఉంటుంది. సరిగ్గా ఆ విషయం మీదే నలభై ఏళ్ల కిందట నేనొకసారి మాట్లాడాను. చాలా బాగా మాట్లాడాను. వచ్చిన చిక్కల్లా అదే.

నా ఈడు వాళ్లకి చెప్పనక్కర్లేదు గానీ, డెబ్భైల చివర్లో ఈ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉండేవి కావు. కరివేపాకు రెమ్మ దొరికితే పండగ, ఇండియాకి ఫోన్ కలిస్తే అదృష్టం. నెలకో శనివారం ఒక చర్చి హాలు మాట్లాడుకుని, ఇంటికో వంటకం చొప్పున అల్యూమినియం ట్రేలలో పట్టుకెళ్లి, అందరం కలిసి భోంచేసేవాళ్లం. భోజనాలయ్యాక పిల్లలు ఒక మూలకి పోతే పెద్దవాళ్లకి చర్చాగోష్ఠి ఉండేది. దానికొక పద్ధతి పెట్టుకున్నాం. వారం ముందు అనుకూలమనీ ప్రతికూలమనీ రెండు చీటీలు వేసి, ఇద్దరు వక్తల చేత చెరొకటి తీయించేవారు. ఎవరికి ఏ పక్షం వస్తే ఆ పక్షాన మాట్లాడి తీరాలి, సొంత అభిప్రాయమేమిటో పొరపాటున కూడా బయటపెట్టకూడదు. చివర్లో అందరూ చేతులెత్తి గెలుపెవరిదో తేల్చేవారు. గెలిచినవాడికి మిగిలిన పులిహోర ట్రే ఇంటికి తీసుకుపోయే హక్కు. నవ్వకండి, ఆ ట్రే కోసం నేను లైబ్రరీలో పుస్తకాలు తిరగేసిన రోజులున్నాయి. కాలేజీ రోజుల్లో వక్తృత్వ పోటీల్లో వెండి కప్పులు కొట్టినవాణ్ణి, ఇక్కడ కారు బ్రేకుల టెస్టులు చేసుకుంటూ నోరు మూసుకుని బతుకుతున్నానాయె. నెలకొకసారి ఆ హాల్లో లేచి నిలబడితే మళ్లీ నేను నేననిపించేది.

ఇక్కడ మా బావగారి గురించి చెప్పాలి. మా అక్క భర్త. విశాఖపట్నంలో ఓడల పని నేర్చుకుని, అరవైలలోనే ఇంగ్లండు వెళ్లి, అక్కడొక షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో పదేళ్లు యుద్ధనౌకల నక్షలు గీసినవారు. అక్కడి ముసురుకీ చెమ్మకీ మా అక్క ఆరోగ్యం పాడై, వానలో నానిన ఊరు వద్దు బాబోయ్ అంటే, ఆవిడ కోసం అమెరికా వచ్చేశారు. ఇక్కడ పరాయి దేశస్థుణ్ణి యుద్ధనౌకల దరిదాపులకి ఎవరు రానిస్తారు? కార్ల కంపెనీలో, తలుపు వేసినప్పుడు చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసే విభాగంలో పెట్టారు. మనిషి మితభాషి. ఏనాడూ ఆ ఉద్యోగాన్ని చిన్నచూపు చూసి మాట్లాడలేదు. ఆదివారాలు మాత్రం వంటింటి బల్ల దగ్గర టీ తాగుతూ, నేనొక్కణ్ణే ఉన్నప్పుడు, ఆ యార్డు కబుర్లు చెప్పేవారు. కొయ్యకి కన్నం వేసే యూనియన్ వేరట, రేకుకి వేసే యూనియన్ వేరట, కొయ్యా రేకూ కలిసే చోట కన్నం ఎవరు వెయ్యాలని తగువొచ్చి వారాల తరబడి పని ఆగిపోయిందట. ఆ సంగతి చెప్పి ఆయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వేవారు. సొంత ఇంట్లో ముసలివాళ్ల చాదస్తం చెప్పుకుని నవ్వుకుంటామే, అలాంటి నవ్వు అది.

ఎనభై ఒకటి వేసవిలో బ్రిటన్ ప్రభుత్వం తన నౌకాదళాన్ని బాగా కుదించేస్తానని ప్రకటించింది. మన దేశమేమో అదే సమయంలో, రన్‌వే అక్కర్లేకుండా నిలువుగా దిగే బ్రిటిష్ జెట్లు కొంటోంది. దాంతో మా వాళ్లలో ఆ కబురే కబురు. బ్రిటన్ ఇక సొంతంగా యుద్ధవిమానాలూ యుద్ధనౌకలూ కట్టుకోవాలా, మానుకోవాలా అన్నది ఆకురాలు కాలంలో మా గోష్ఠికి విషయమయింది. కట్టుకోవాలి అనే చీటీ, ఒకప్పుడు ఇంగ్లండు ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన మా మిత్రుడు డాక్టరుగారికి వచ్చింది. మానుకోవాలి అనేది నాకు వచ్చింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణం దాకా ఆ విషయం మీద నాకు అభిప్రాయమంటూ ఏమీ లేదు.

ఇంకొక సంగతి అప్పటికి నాకు తెలియదు, మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను. అంతకు పదిరోజుల ముందే బావగారికి ఆ పాత యార్డు నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన పై అధికారిగా ఉండిన పెద్దాయన రాశాడు. కొత్త నౌక డిజైను మొదలవుతోంది, నీ చోటు నీకు ఇస్తాను, అయితే ప్రభుత్వం ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేను, నెలాఖరులోగా అవుననో కాదనో రాయి అని. అక్కని అడిగితే, మీ ఇష్టం అన్నదట. ఆ మీ ఇష్టంలో ఎంత అయిష్టముందో ఆయనకి తెలియదా! అలా ఎటూ తేల్చుకోలేక, ఆ ఉత్తరం కోటు లోపలి జేబులో పెట్టుకునే ఆ శనివారం హాలుకి వచ్చారు.

డాక్టరుగారు పాపం మంచి మనిషి, మాట మాత్రం మత్తుమందు ఇచ్చినట్టే ఉండేది. ఆయన కూర్చున్నాక నేను లేచాను. సామ్రాజ్యం పోయినా కిరీటం దించని రాజుగారి కథతో మొదలుపెట్టాను. నిలువుగా దిగే విమానం సర్కస్‌లో చూసేందుకు బాగుంటుంది, యుద్ధంలో ఎవరికి కావాలన్నాను. ఒక్క క్షిపణికి అగ్గిపెట్టెలా అంటుకునే నౌకని ఏళ్ల తరబడి కట్టడం దేనికన్నాను. జనం ఊగిపోతున్నారు. ఆ ఊపులో, ఏమాత్రం ఆలోచించకుండా, ఆ కన్నం కథ ఎత్తుకున్నాను. బావగారు నాకు మాత్రమే ప్రేమగా చెప్పుకున్న కథని నేను వెక్కిరింతగా మార్చి, గొంతులు మార్చి, చేతులు తిప్పి చెబితే హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఒక కన్నానికే దిక్కులేని వాళ్లు కట్టే ఓడ మునగడానికి శత్రువు కూడా అక్కర్లేదన్నాను. ఆయన మూడో వరసలో కూర్చుని ఉన్నారు. నవ్వడం లేదని చూశాను. చూసి కూడా ఆగలేదు, అది నా తప్పు, దానికి ఏ సాకూ లేదు.

చేతులు లెక్కపెట్టే పని కూడా లేకపోయింది. ట్రే పట్టుకుని కారు దగ్గరికి నడుస్తుంటే బావగారు వెనకాలే వచ్చారు. సాయంత్రపు ఎండ, చెట్లన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఏమోయ్, పద్ధతి సంగతి పక్కన పెట్టు. ఆ యార్డుల పని అయిపోయిందని నువ్వు నిజంగానే అనుకుంటున్నావా?" అని అడిగారు.

పెద్దవాడు, తన జీవితమంతా ఓడల్లో పెట్టినవాడు, నన్ను, బ్రేకులు తప్ప మరొకటి తెలియని వాణ్ణి, అంత గంభీరంగా ఎందుకు అడుగుతున్నాడని ఒక్క ముక్క అడగాలి కదా! చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతున్నాయి. అభిప్రాయం చెప్పకూడదనే నియమం కూడా అప్పుడు గుర్తు రాలేదు.

"నిజంగానే బావగారూ, మనస్ఫూర్తిగానే అన్నాను. అందులో ఇంకేం మిగల్లేదు" అన్నాను. ఆయన తలాడించి, పులిహోర జాగ్రత్త, ఒలికిపోతుందని చెప్పి వెళ్లిపోయారు.

మరుసటి వసంతంలో దక్షిణ అట్లాంటిక్‌లో తన ఏలుబడిలో ఉన్న దీవుల కోసం బ్రిటన్‌కి యుద్ధం వచ్చింది. అక్కర్లేదు, తగ్గించేస్తామని ఆ ప్రభుత్వమే అన్న నౌకలన్నీ బారులు తీరి బయలుదేరాయి. సాయంత్రం వార్తల వేళకి నేను బావగారింటికి వెళ్లేవాణ్ణి. నేను సర్కస్ అన్న విమానాలు నౌకల మీద నుంచి లేచి, మళ్లీ వచ్చి దిగుతుంటే చూసి నాకు తల కొట్టేసినట్టుండేది. ఆయన మాత్రం ఒక్క మాట దెప్పలేదు. ఒకరోజు టీవీలో క్షిపణి తగిలి మండుతున్న నౌకని చూపించారు. చూపించింది కొద్దిసేపే, పొగే ఎక్కువ. బావగారు కుర్చీ అంచుకి జరిగి, ఆ పొగలోకి చూపుడువేలు పెట్టి, ఇదిగో ఇక్కడ వంటగది, దాని పక్కన మెట్లు, ఆ మెట్లెక్కితే బయటికి రావచ్చు, అని ఎవరికో దారి చెబుతున్నట్టు మెల్లిగా చెప్పుకున్నారు. ఆ తరహా నౌక నక్షలో ఆ భాగం ఆయన గీసిందే. "మెట్లు ఇంకాస్త వెడల్పు పెట్టాలన్నానోయ్, చోటు లేదన్నారు" అన్నారు. తర్వాత మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నారు. అంత పెద్దమనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు.

నేను ఉండలేక వంటింట్లోకి వెళితే, అక్క అప్పుడు చెప్పింది. "పాత యార్డు వాళ్లు మళ్లీ ఉద్యోగానికి రమ్మని ఉత్తరం రాస్తే, మీ డిబేట్ అయిన సోమవారమే రానని జవాబు రాసేశార్రా. నాకు ప్రాణం లేచొచ్చిందనుకో. మీ తమ్ముడు అంత చదివి చెప్పాడు, వాడికి తెలియకుండా అంటాడా అన్నారు. నిన్న ఆ ఊరికి ఫోన్ చేశారు, ఆ జాబ్‌లో ఇంకెవర్నో పెట్టేసుకున్నారట. పోయిన ఓడల బదులు కొత్తవి కడతారుట." ఆవిడ కూరగాయలు తరుగుతూనే చెప్పింది, నన్ను తప్పుపట్టే ఉద్దేశం ఆవిడకి రవ్వంత కూడా లేదు. ఆ తర్వాత నేను గోష్ఠిలో మళ్లీ మాట్లాడలేదు. పిల్లల చదువులనీ, పని ఒత్తిడనీ చెప్పాను, అందరూ నమ్మారు.

ఆ రోజు అన్నది మనస్ఫూర్తిగా కాదని చెప్పేయాలి, చెప్పేయాలి అనుకుంటూనే ఏళ్లు గడిచాయి. ఎనభైల ఆఖరున, అప్పటికి మన దేశం బ్రిటన్ వాడి పాత విమానవాహక నౌకని కొనుక్కుని నడుపుతోంది, బావగారు ఏదో పత్రికలో పడ్డ దాని ఫోటో కత్తిరించి గరాజులో గోడకి అంటించారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వాళ్ల పెరట్లో రాలిన ఆకులు ఊడ్చి, ఆ గరాజులోనే కూర్చున్నాం. ఇక ఈరోజు కాకపోతే ఎప్పటికీ చెప్పలేనని, బావగారూ, ఆ ఉత్తరం సంగతి అక్క చెప్పింది అన్నాను. ఆయన ఆ ఫోటో వంకే చూస్తూ చిన్నగా నవ్వారు.

"వెళ్లి ఉంటే మీ అక్క ఏమయ్యేదో. ఆ చెమ్మకి తట్టుకునేది కాదు. అయినా మనసు ఊరుకుంటుందా, అప్పుడప్పుడు పీకుతూనే ఉంటుంది. పీకినప్పుడల్లా నిన్ను తలుచుకుంటానోయ్. మన వాడు మనసులో లేనిది నాతో చెప్పడు కదా, వాడికి అలా తోచింది అంటే అందులో నిజముండే ఉంటుంది, అనుకుని సర్దుకుంటాను" అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వు మనస్ఫూర్తిగానే అన్నావు కదూ?" అన్నారు.

చెబుదామనుకున్న ముక్క నాలుక చివర ఉంది. ఆ మొహం చూశాక, ఆయన ఇన్నేళ్లూ చేరగిలబడిన గోడని నా చేతులతో నేనే ఎలా పడగొట్టేది? అవును బావగారూ అన్నాను. మొదటిసారి ఆ మాట పొగరుతో అన్నాను, రెండోసారి భయంతో అన్నాను. ఆయన రెండుసార్లూ నమ్మారు. అక్క నిండు ఆరోగ్యంతో చాలాకాలం బతికి, ఆయన చేతుల్లోనే పోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకి ఆయనా పోయారు.

ఇప్పుడు దేని గురించి కావాలన్నా ఫోన్‌లో వెతుక్కుంటాం, ఎవరేమన్నా అక్కడికక్కడే నిజమో అబద్ధమో చూసేసుకుంటాం. మంచిదే. ఒకడి వాగుడుకి మరొకడు తన బతుకు దారి మార్చుకునే ప్రమాదం ఇప్పుడు లేదు. మా రోజుల్లో, ఈ పరాయి చోట, మాకు ఒకరి మాట ఒకరికి తప్ప మరో ఆసరా లేదు, అందుకే అడిగేవాళ్లు అంత నమ్మకంగా అడిగేవారు. ఆ నమ్మకం విలువ నాకు తెలిసే వేళకి అలా అడిగే మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ సాయంత్రం కారు దగ్గర నేను చెప్పవలసింది పెద్ద ఉపన్యాసమేమీ కాదు, నాకు తెలియదు బావగారూ అన్న మూడు మాటలే. అవి నోట రావడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది, వినడానికి ఆయన లేరు.