ఊపిరి బిగబట్టండి

మా వీధిలో ఎవరి గుర్తింపు కార్డు చూసినా అందులో మనిషి నీట మునిగినవాడిలా బుగ్గలు బిగించి ఉంటాడు. అంతా మా బావ పుణ్యం. తన స్టూడియోలో ఎవరు కూర్చున్నా "ఊపిరి బిగబట్టండి" అనేవాడు. కాస్త నవ్వమనడం చేతకాదా అంటే, పాపం, ఆయనకు అలవాటైన పని వేరు. పురుగుల గుడ్లకు ఫొటోలు తీయడం.

సెలవొస్తే చాలు, కెమెరాకు దగ్గరి ఫొటోల లెన్సు తగిలించుకుని ఆకులు తిరగేస్తూ తిరిగేవాడు. ఆవగింజలో సగం లేని గుడ్డు మీద గీతలు కూడా ఫొటోలో పడాలి ఆయనకు. అంత దగ్గరికెళితే ముక్కులోంచి వచ్చే గాలికే ఆకు కదిలి బొమ్మ చెదిరిపోతుంది. అందుకే ఆ బిగబట్టడం. ఆకు తెంపుకొచ్చి బల్ల మీద పెట్టుకోవచ్చు కదా అని ఓసారి నోరు జారాను. ఆకు వాడితే లోపలి పిల్ల చచ్చిపోతుందని చెప్పి, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మా అక్కకేమో ఇదంతా ఒళ్లుమంట. కుండీల్లో మొక్కలకు గుడ్లు కనిపిస్తే తడిగుడ్డతో తుడిచేసేది.

గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చే క్షణం మాత్రం ఆయనకు ఒక్కసారీ చిక్కలేదు. ఈలోగా ఊపిరితిత్తులు పాడయ్యాయి. కాస్త బిగబడితే చాలు, తెరలు తెరలుగా దగ్గు. స్టూడియో మూసేశాడు.

మొన్న వానలు వెలిశాక బాల్కనీలో గులాబీ ఆకు కింద, వెంట్రుకల్లాంటి కాడల చివర గుడ్లు కనిపించాయి. ఈసారి అక్క తుడవలేదు. తనే ఆయన్ని పిలిచి చూపించింది. ఆయన జబ్బు ఎందాకా వచ్చిందో నాకు అప్పుడర్థమైంది.

గుడ్లు నల్లబడి ఇక పగలబోతున్న రోజు పొద్దున్నే గాలికి గొడుగు అడ్డం పట్టడానికి నన్ను పిలిపించారు. స్టాండు మీది కెమెరా వెనక బావ వంగాడు. దగ్గొచ్చింది. మళ్లీ వంగాడు, మళ్లీ దగ్గు. ఈలోగా గుడ్లు ఒక్కొక్కటే పగిలిపోయాయి. ఒక్కటి మిగిలింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"నావల్ల కాదే. నువ్వు చూసి నొక్కు," అన్నాడు అక్కతో. "ఊపిరి మాత్రం బిగబట్టు."

అక్క వంగింది. గుడ్డు కదిలింది కాబోలు, ఆమె భుజాలు బిగుసుకున్నాయి. ఎంతసేపటికీ క్లిక్కుమనలేదు. తల ఎత్తేసరికి మొహం ఎర్రబడింది, కళ్లనిండా నీళ్లు.

"నొక్కడం మర్చిపోయానండీ," అంది. "అది తల బయటపెట్టింది... అలా చూస్తూ ఉండిపోయాను."

ఇక తిట్లు తప్పవనుకున్నాను. గ్రూప్ ఫొటోలో రెప్ప వేశానని ఓ పెళ్లిలో నన్ను అందరిముందూ కడిగేసిన మనిషాయన. కానీ చెయ్యి చాపి ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ముందు ఊపిరి తీసుకో," అన్నాడు. "తీసుకుని, ఎలా వచ్చిందో మొదట్నుంచీ చెప్పు."

అక్క చెప్పడం మొదలుపెట్టింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. నేను గొడుగు దించకుండా అలాగే నిలబడ్డాను.