భోజనాల బల్ల మీద త్సుషిమా

మా గేదె నేను పక్కన నిలబడితేనే పాలిచ్చేది. అది పాలిచ్చే వేళా, బడి గంట కొట్టే వేళా ఒకటే. అందుకే నాకు చదువు రాలేదు. అరవై రెండో ఏట మిషిగన్‌లోని నోవైలో, ఆదివారం తెలుగు బడిలో, ఆరేళ్ళ మనవరాలి పక్కన చిన్న కుర్చీలో ఇరుక్కుని అక్షరాలు దిద్దాను.

ఏడాది చివర పరీక్ష. ఒక ఊరి గురించి పది వాక్యాలు రాసి అందరి ముందూ చదవాలి. లేకపోతే మళ్ళీ ఒకటో తరగతే.

"నువ్వు ఫెయిల్ అయితే నేను సెకండ్ క్లాస్‌కి అలోన్ వెళ్ళాలి అమ్మమ్మా. దట్స్ నాట్ ఫెయిర్!" అని మనవరాలు ముందే బెదిరించింది.

అందరూ హైదరాబాదు, గుంటూరు రాస్తారని నేను పక్కింటావిడ ఊరు ఎంచుకున్నాను. ఆమెది జపాన్‌లోని త్సుషిమా దీవులు. భర్తకు ఇక్కడ కార్ల కంపెనీలో ఉద్యోగం. మా ఇద్దరి ఇంగ్లీషు కలిపినా ఒక మనిషికి చాలదు. అందుకని ఆమె మా బల్ల మీద రెండు ఇడ్లీలు పెట్టి, అవే తన దీవులంది. అటు సాంబారు గిన్నె కొరియా, ఇటు చట్నీ గిన్నె జపాన్. మధ్యలో చెంచాను ఓడలా నడిపి, "ఆల్ షిప్స్ హియర్. ఎవ్రీబడీ వాంట్," అంది. యుద్ధనౌకలైనా సరుకు ఓడలైనా ఆ సందులోంచే పోవాలట. వాళ్ళమ్మ పెరట్లోకి వెళితే చాలు, ఫోనుకు కొరియా సిగ్నల్ తగిలి "కొరియాకు స్వాగతం" అని మెసేజ్ వస్తుందట. తేనెటీగలను బోలు దుంగల్లో పెంచుతారట. అంతా చెప్పడమయ్యాక దీవులు చెరొకటి తినేశాం.

పరీక్షకు ఆమెనూ తీసుకెళ్ళాను. నేను "త్సుషిమా" అని చదివినప్పుడల్లా వెనక వరుసలో లేచి నడుం వంచి నమస్కరించింది. మూడోసారికి పిల్లలందరూ లేచి వంగారు.

టీచరమ్మ వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల. నవ్వాపుకుని, "బాగుంది ఆంటీ. కానీ రూల్ ప్రకారం మీరు చూసిన ఊరే రాయాలి కదా?" అంది.

మనవరాలు నా కొంగు పట్టుకుంది.

"చూసింది ఆవిడ, రాసింది నేను. ఇద్దరికీ కలిపి ఒక పాసు వెయ్యమ్మా," అన్నాను.

"పాస్! పాస్!" అని పిల్లలు బల్లలు చరిచారు.

"సరే ఆంటీ, పాస్. కానీ పదకొండు తప్పులున్నాయి. ఒక్కోటి పదిసార్లు ఇంపోజిషన్ రాసుకు రండి."

"వాట్స్ ఇంపోజిషన్, టీచర్?" అన్నారు పిల్లలు. పాపం, వాళ్ళకు ఆ యోగం లేదు.

మర్నాడు పొద్దున్నే, కాఫీ కూడా పెట్టుకోకుండా కూర్చుని, నూట పది మాటలూ రాసేశాను.