కాలు తీయడం నేర్పిన మేస్త్రి

మేస్త్రి పోయాడని గురువారం పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసింది. నేను పెద్దమ్మ అని పిలిచేది ఆయన భార్యను. "నిద్దర్లోనే పోయినాడు నాయనా, కాఫీకి లేపితే లేవలా" అంది. నాకు ఏడుపు రాలేదు. మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. నన్ను కారు రేసుల్లో డ్రైవరును చేసిన మనిషి ఆయన. టీము మారినందుకు బాగుపడ్డానో చెడిపోయానో ఆ వారమే తేలాల్సి ఉంది. అది తేలకముందే వెళ్ళిపోయాడు.

మైపాడు రోడ్డులో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. వారమంతా పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన సరదా కొద్దీ పెట్టిన రేసు టీముకు ఆయన మెకానిక్కు, నేను డ్రైవరును. పాత కారును లారీకెక్కించి తడ అవతలున్న ట్రాకుకు పోయేవాళ్ళం. దారి పొడవునా లారీ వెనక, కారు పక్కనే కూర్చునేవాడు. ముందుకు రమ్మంటే, "దానికి తోడు కావాలబ్బయ్యా" అనేవాడు.

రేసుకు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడు. గెలిపించమని మాత్రం అడిగేవాడు కాదు. ఎందుకడగరని ఒకసారి పోట్లాడాను.

"అవతలోడు కూడా ఆయన బిడ్డే కదరా. దేవుణ్ణి ఇరుకున పెడతావా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అప్పటికి వరసగా మూడు రేసులు ఓడి ఉన్నాను మరి.

మా కారు గేరుబాక్సు ముసలిది. మలుపు దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు రవ్వంత ముందే తీయకపోతే లోపల పళ్ళు విరిగిపోతాయి. కొత్తది కొనేంత సరదా ఆసామికి లేదు. అందుకే మేస్త్రి నాకు ముందుగా నేర్పింది కాలు తీయడం. "బండి ఇంటికి రావాల. వచ్చే నెలా ఇదే బండి" అని చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. ఆరేళ్ళు అలాగే తోలాను.

పోయినేడు పెద్ద టీము వాళ్ళు పిలిచారు. వెళ్ళాలా వద్దా అని నేను నసుగుతుంటే ఆయనే కసిరాడు. "పో. ఈడనే ఉంటే నాతోపాటు గ్రీజు పూసుకుంటా ముసిలోడివైపోతావు."

వెళ్ళాను. కొత్త కారు, కొత్త గేరుబాక్సు, చుట్టూ కంప్యూటర్లు. మొదటి నెలలోనే అక్కడి ఇంజనీరమ్మాయి తెర మీద గీత చూపించి, "అన్నా, ప్రతి మలుపు ముందూ కాలు తీసేస్తున్నారు, ఎందుకు?" అంది. తీస్తున్నానని నాకే తెలియదు. మానుకోవాలని చూశాను. కాలు వింటేగా! ఏడాదంతా వెనకబడుతూనే వచ్చాను. చివరికి, ఇంకొక్కసారి టెస్టు పెట్టి వచ్చే ఏడాది సంగతి చెబుతామన్నారు.

ఆ సాయంత్రం షెడ్డుకు పోయి అంతా చెప్పాను. ఆయన గుడ్డ ముక్కతో చేతులు తుడుచుకున్నాడు.

"నేనే చెడగొట్టినానా నిన్ను?"

కాదని ఉండాల్సింది. విసిగిపోయి ఉన్నాను. "అవును మేస్త్రీ" అన్నాను. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోగలిగితే నాకింకేమీ వద్దు.

టెస్టు బుధవారం. గుండె బాగాలేని మనిషి, రెండు బస్సులు మారి ట్రాకుకు వచ్చాడు. మలుపు దగ్గర కంచె అవతల నిలబడ్డాడు. నేను వచ్చిన ప్రతిసారీ అరచెయ్యి కిందికి నొక్కి చూపించాడు, తొక్కు, తొక్కు అని. ఆ ఎండలో చివరిదాకా అలాగే ఉన్నాడు.

అయ్యాక, "రెండుసార్లు తీసినావు. చెవికి తెలిసింది" అన్నాడు. మళ్ళీ తనే, "పోనీలే. బాగా తోలినావు" అన్నాడు. నేను క్షమాపణ అడగలేదు. ఇంటికొచ్చాక అడగవచ్చులే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున, శవపేటిక ఇంకా వాకిట్లో ఉండగానే టీము మేనేజరు ఫోన్ చేశాడు. వచ్చే ఏడాదికి వేరే డ్రైవరును తీసుకున్నారట. సరే సార్ అన్నాను. గోడకానుకుని నిలబడితే పెద్దమ్మ చూసింది.

"వాళ్ళేనా నాయనా? ఏమన్నారు?"

"వద్దన్నారు పెద్దమ్మా."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి చర్చి వాళ్ళు తెచ్చిన వ్యాను తాళాలు నా చేతిలో పెట్టించింది. "ఈయన్ని నువ్వే తీసకపో. ఇంకోడు తోలితే ఒప్పుకోడు."

సమాధుల తోటకు ఇసుక రోడ్డు. మొదటి గేరులోనే పోనిచ్చాను. వెనక జనం పాట పాడుకుంటూ నడిచి వస్తున్నారు. కొంత దూరం పోయాక సంఘ పెద్ద ఒకాయన పక్కకొచ్చి కిటికీ మీద తట్టాడు.

"ఇంకొంచెం నిదానంగా అబ్బయ్యా. ఆడోళ్ళు వెనకబడిపోతా ఉండారు."

కాలు తీశాను. అద్దంలో తెల్ల చీరల వాళ్ళు ఇసుకలో ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వ్యాను దగ్గరికి వచ్చారు.