మూడు నొక్కిన తబిత

తబిత ట్యాబు పట్టుకుని ఊరూరా తిరుగుతుంది. జనం దేన్ని న్యాయమంటారో అడిగి అంకెల్లో పెట్టడం ఆమె ఉద్యోగం. ఒకటంటే అస్సలు ఒప్పుకోను, అయిదంటే పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ అంకెలు చూసి రేపటి యంత్రాలు న్యాయం నేర్చుకుంటాయట!

భీమవరం దగ్గర ఒక చేపల చెరువు గట్టున యజమాని ఆమెకు కుర్చీ వేయించి, చెరువు కాపలా కాసే యేసుపాదాన్ని తనే పిలిచి, పక్కనే నిలబడ్డాడు.

"తప్పనిపిస్తే పనివాడు యజమానికి ఎదురు చెప్పవచ్చా?" అని చదివింది తబిత.

యేసుపాదం యజమాని వైపు చూశాడు. "అయ్యగారు ఎలాగంటే అలాగేనండి."

తబిత తండ్రి కూడా బతికినన్నాళ్లూ ఈ మాటే అన్నాడు. దీని వెనక ఏముంటుందో ఆమెకు తెలుసు. కానీ ట్యాబులో దానికి చోటు లేదు, ఏదో ఒకటి నొక్కకపోతే తర్వాతి ప్రశ్న రాదు. మూడు నొక్కింది.

సాగనంపే నెపంతో యేసుపాదం రోడ్డు దాకా వచ్చి గొంతు తగ్గించాడు.

"ఇందాక ఏం నొక్కావమ్మా?"

"మూడండి. పంపేశాను కూడా."

"మూడంటే ఏంటి?"

"మీకు ఏ అభిప్రాయమూ లేదని."

యేసుపాదం చెరువు వైపు ఒకసారి తిరిగి చూశాడు.

"ముప్పై ఏళ్లుగా దిగమింగుకున్నదంతా లేదని రాసేశావా తల్లీ?"