బావ తిన్న పరీక్ష

ఆ రోజుల్లో గోదావరిఖనిలో మా బొగ్గుగని కాలనీ మొత్తానికి వికెట్ కీపర్ గ్లౌజులు ఒకటే జత. బావ డ్యూటీకి పోతే అవి నా చేతికి, నేను డ్యూటీకి పోతే ఆయన చేతికి. ఎవరి చెమటో తెలియని ఆ తడిలో వేళ్లు దూర్చాలని ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటుంది గానీ, అప్పుడు ఒకటే దురద. కాలనీ అంతా గోక్కుంది (అంతా అంటే నేనూ, బావానూ). దవాఖానలో మేమంతా బాబాయి వరసగా ‘కాకా’ అని పిలిచే కాంపౌండరు మా చేతులు చూసి, గ్లౌజులు కాల్చెయ్యమన్నాడు. ఆదివారం మందమర్రి వాళ్లతో మ్యాచి, వేరే జత లేదు. బతిమాలితే కాక మెత్తబడి, "మందుతోని కడిగి, లోపల రొట్టెముక్క రుద్ది పరీక్ష చెయ్యాలె. ముక్కకు బూజు రాకుంటే ఆడుకోండ్రి" అన్నాడు.

నేనుండేది అక్కాబావల క్వార్టర్‌లోనే. పాత టిఫిన్ క్యారియర్ ఒకటి తీసి, తడిపిన జొన్నరొట్టె ముక్కను కడగని గ్లౌజు లోపల రుద్ది అడుగు గిన్నెలో పెట్టాను. తర్వాత కుడి గ్లౌజును ఫినాయిలుతో, ఎడమదాన్ని బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టి, వాటిలో రుద్దిన ముక్కలు పై రెండు గిన్నెల్లో పెట్టి, క్యారియర్‌ను మూడు రోజులు అలమరలో ఉంచాను. గిన్నెల మీద గుర్తులు కూడా రాశాను (రాయలేదు, చెబితే బాగుంటుందని). శనివారం పొద్దున సైరన్ మోగగానే బావ అలమరలోంచి క్యారియర్ లాక్కుని ఉరికాడు. ఫలితం చూద్దామని నేను అలమరలో మిగిలిన క్యారియర్ మూత తీస్తే, అక్క బావకు కట్టిన పప్పు, అన్నం, మామిడికాయ తొక్కు.

బావను స్ట్రెచర్ మీద తెచ్చారని చాలా ఏళ్లు అందరికీ చెప్పాను. నిజానికి సైకిలు మీద, ఈల వేసుకుంటూ వచ్చాడు. క్యారియర్ నా చేతికిచ్చి గొంతు తగ్గించాడు: "బామ్మర్ది, మీ అక్కతోని అనకు. పాపం, కూర పెట్టుడు మర్చింది. అడుగుముక్క బూజు పడితే పారేసిన. పై రెండు మంచిగనే ఉన్నయ్, తిన్న."

అసలు సంగతి చెప్పి, బావను దవాఖానకు లాక్కుపోయాను. కాక ఆయన పొట్ట నొక్కి చూసి, "గ్లౌజులు పాసయినయ్. మీ బావ సంగతి పొద్దున చూద్దాం" అన్నాడు. పొద్దున బావ అందరికంటే ముందు గ్రౌండులో ఉన్నాడు. మ్యాచి గెలిచాం (ఓడిపోయాం).

ఆ గ్రౌండు ఇప్పుడు ఓపెన్‌కాస్టు గని గోతిలో కలిసిపోయింది. బావ లేడు. మనవడు తన గ్లౌజులకు ఏదో స్ప్రే కొడతాడు. వాసన చూస్తే ఎవరి వాసనా రాదు. ఇంట్లో జొన్నరొట్టెలు చేసిన రోజు, కూర లేకుండా ఒక ముక్క బావ కోసం తీసిపెడతాను (కాసేపాగి నేనే తింటాను. కూర లేదని మాత్రం ఎవరితోనూ అనను).